ఆల్బంలో పెళ్లికూతురు

మా చిన్నాన్న కూతురి పెళ్లి ఆల్బం ఊరికి తీసుకెళ్లి ఇచ్చింది నేనే. వానలు అప్పుడే మొదలయ్యాయి. ముప్పై షీట్ల కరిజ్మా ఆల్బం, దానికో ఎర్ర పెట్టె, తడవకుండా రెండు ప్లాస్టిక్ సంచులు చుట్టి బస్సులో ఒళ్లో పెట్టుకుని ఉట్నూరు దాకా వచ్చాను. ఇంట్లో అందరూ చుట్టూ చేరారు. ఒక్కో పేజీ తిప్పుతున్నారు. మా నాయనమ్మ కళ్ల దగ్గరికి లాక్కుని చాలాసేపు చూసింది. చూసి, "పెళ్లికొడుకు సరే, పక్కన కూసున్న ఈ పట్నం పిల్ల ఎవరు?" అని అడిగింది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాయనమ్మకు చూపు తగ్గిందని ఎవరో అన్నారు. ఆమె చూపు తగ్గలేదని నాకొక్కడికే తెలుసు. ఆ ముఖం తయారు చేసింది నేనే. స్టూడియోలో కంప్యూటర్ ముందు వారం రాత్రులు కూర్చుని, చెల్లె నలుపును ఒక్కో ఫొటోలో కొంచెం కొంచెంగా తగ్గించాను. ముక్కు పక్కన పుట్టుమచ్చ తీసేశాను. నుదుటి మీద చిన్నప్పుడు పడ్డ గాటు తీసేశాను. ఆ గాటు పడ్డ రోజు ఆమెను ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తింది కూడా నేనే.

ఇది తప్పా? తప్పయితే ఎవరిది? ఈ ప్రశ్నకు నా దగ్గర నేరుగా జవాబు లేదు. కానీ మన పిల్లలు ఇప్పుడు చాలామంది ఈ పనిలోకి వస్తున్నారు. పదో తరగతో ఇంటరో చదివి, డిగ్రీ మధ్యలో మానేసి, పట్నంలో ఏదో ఒక స్టూడియోలో చేరుతున్నారు. ఆశ్రమ పాఠశాలల్లో చెప్పే ఉపాధ్యాయులు కూడా "ఏదో ఒక చేతిపని నేర్చుకో" అని పంపిస్తున్నారు. మంచిదే. అయితే చేతిపనితో పాటు ఇంకేమేం నేర్చుకుని వస్తామో ముందే మాట్లాడుకుంటే బాగుంటుందని ఇది రాస్తున్నాను.

నాకు పని నేర్పిన అన్న మంచివాడు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత చెప్పబోయేవి వింటే మీరు వేరేగా అనుకోవచ్చు. నన్ను కులం అడగలేదు. రాత్రి ఒంటిగంటకు పని ముగిస్తే తన ప్లేటులోనిదే నాకూ పెట్టేవాడు. ఆరు నెలలు కెమెరా ముట్టనివ్వలేదు, అది వేరే సంగతి. ఆ ఆరు నెలలూ లైటు పట్టుకున్నాను, వైర్లు చుట్టాను, బ్యాటరీలు చార్జింగ్ పెట్టాను, నిచ్చెన మోశాను. అప్పుడు కోపం వచ్చేది. ఇప్పుడు అనిపిస్తుంది, లైటు పట్టుకున్నవాడికే వెలుతురు అంటే ఏమిటో తెలుస్తుందని. లైటు జానెడు పక్కకు జరిగితే పెళ్లికూతురు కళ్ల కింద నీడ ఎట్లా పడుతుందో చేతితోనే తెలుసుకున్నాను. పుస్తకం చదివితే అది రాదు.

తర్వాత రెండో కెమెరా చేతికిచ్చాడు. పెళ్లిలో రెండో కెమెరావాడంటే పెద్దాయన ఎదురుగా నిలబడి తీస్తుంటే పక్క నుంచి, వెనక నుంచి, మిగిలింది తీసేవాడు. పట్నం పెళ్లిలో జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు అడ్డుతెర దించుతారు. ఆ ఒక్క క్షణంలో ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. తెర దిగాక కెమెరా ఎత్తితే ఆ చూపు దొరకదు. పుస్తె కట్టేటప్పుడు వెనక నిలబడ్డ ఆడవాళ్లు జడ పైకెత్తి పట్టుకుంటారు, చుట్టాలందరూ ఒక్కసారిగా ముందుకు వంగుతారు, అక్షింతలు పడుతుంటాయి. అప్పుడు సందు వెతుక్కుంటే ఉండదు. అందుకే అన్న మేళగాళ్లను చూడమనేవాడు. "తమ్మీ, డోలు జోరు పెరుగుతున్నదంటే నువ్వు అప్పటికే నీ జాగల ఉండాలె" అనేవాడు. మెమరీ కార్డు నిండిపోయేదాకా ఆగొద్దు, తలంబ్రాలకు ముందే మార్చు అనేవాడు. పెళ్లికి మళ్లీ తీసే అవకాశం లేదు, సినిమా కాదు ఇది అనేవాడు. (తనే ఆ మాట మరిచిన రోజు ఒకటుంది. అక్కడికి వస్తాను.)

వెలుతురు లెక్క కూడా ఆయనే చెప్పాడు. కెమెరాలో కొలత పరికరం ఉంటుంది. దానికి ముఖమూ తెలియదు, చీరా తెలియదు. ఎదురుగా ఉన్నదాన్నంతా సగటు బూడిద రంగుగా అనుకుని లెక్క వేస్తుంది. తెల్ల చీర, తెల్ల పంచె ఫ్రేము నిండా ఉంటే వెలుతురు ఎక్కువైందని తగ్గించేస్తుంది. తగ్గించేసరికి చామనఛాయ ముఖం ఇంకా నల్లబడి, కళ్లు గుంతల్లా కనిపిస్తాయి. అప్పుడు కొలత ముఖం మీద పెట్టి తీసుకోవాలి, లేదా మనమే ఒక మెట్టు పెంచుకోవాలి. మన ఊళ్లలో పెళ్లికి పచ్చి కొమ్మలతో పందిరి వేస్తాం కదా. మధ్యాహ్నం ఆ ఆకుల గుండా వచ్చే వెలుతురు ఆకుపచ్చగా ఉంటుంది. కంటికి తెలియదు, ఫొటోలో తెలుస్తుంది. అందరూ కామెర్లు వచ్చినవాళ్లలా ఉంటారు. అందుకని పెళ్లికూతురిని పందిరి అంచుకు, బయటి వెలుతురు పడే చోటుకు తేవాలి, లేదా ఫ్లాష్‌తో ఆ పచ్చదనాన్ని కొట్టేయాలి.

ఇదంతా నికార్సయిన విద్య. దీంట్లో వదిలేయాల్సింది ఏమీ లేదు.

మరి ముఖం తెల్లగా చేయడం ఎక్కడ మొదలైంది? అదీ ఇక్కడే మొదలైంది. చిక్కు అదే. తక్కువ వెలుతురులో తీసిన ముఖాన్ని కంప్యూటర్‌లో ఒక మెట్టు పైకి తేవడం సరిదిద్దడమే. రెండో మెట్టు తెస్తే కొంచెం కళగా ఉంటుంది. మూడో మెట్టుకు ముఖం మారిపోతుంది. ఈ మూడు మెట్ల మధ్య గీత ఎవరూ గీసి ఇవ్వలేదు. అన్న ఎప్పుడూ "ఈ పిల్లను తెల్లగా చెయ్" అనలేదు. "ఫేస్ జర లేపు" అనేవాడు. లేపడం అంటే ఎంతవరకో ఆయన తీసి పెట్టిన పాత ఆల్బంలు చూసి నేను నేర్చుకున్నాను. వాటిలో అందరూ ఒకే రంగులో ఉన్నారు. అది ఆయన చూపు అని అప్పుడు తెలియలేదు, అదే బాగుండడం అనుకున్నాను. అనుభవం ఉన్నవాడి పక్కన నిలబడి నేర్చుకోవడంలో అన్నిటికంటే సుఖమూ, అన్నిటికంటే ప్రమాదమూ ఇదే. ఆయన చెప్పినవి మనం ప్రశ్నించవచ్చు. చెప్పకుండా నేర్పినవాటిని ప్రశ్నించాలని కూడా మనకు తట్టదు.

ఈ చూపు అన్న ఒక్కడిదీ కాదు. రంగు ఫిల్ము రోజుల్లో కొడాక్ కంపెనీ ఫొటోలు కడిగే ల్యాబులకు ఒక నమూనా బొమ్మ పంపేది. అందులో ఒక తెల్లజాతి స్త్రీ ఉండేది. దాన్ని షిర్లీ కార్డు అనేవాళ్లు. ఆమె ఒంటిరంగు సరిగ్గా వస్తే యంత్రం సరిగ్గా ఉన్నట్టు లెక్క. దశాబ్దాల పాటు లోకమంతా ఫొటో రంగు కొలిచింది ఆ ముఖంతోనే. ఇప్పుడు ఫిల్ము లేదు, ఆ కార్డు లేదు. కానీ మీ చేతిలోని ఫోను తెరిచి ముందు కెమెరాతో ఒక ఫొటో తీసుకోండి. మీరు అడగకుండానే అది మీ ముఖానికి ఏం చేస్తుందో చూడండి.

మన ముఖాలకు కెమెరాతో ఇంకో పాత లెక్క కూడా ఉంది. ఆంగ్లేయ ప్రభుత్వం 1868 నుంచి 1875 దాకా 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అని ఎనిమిది సంపుటాలు వేసింది. ఈ దేశంలోని కులాలను, తెగలను ఫొటోలతో చూపే పుస్తకం అది. అందులో చాలాచోట్ల మనిషి బొమ్మ ఉంటుంది, కింద తెగ పేరు ఉంటుంది. మనిషి పేరు ఉండదు. తర్వాత 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాల గురించి, తెగల గురించి ఏడు సంపుటాలు తెచ్చాడు. ఆయన మద్రాసు మ్యూజియం అధికారి. మనుషుల ముక్కులు, తలలు కొలిచి అంకెలు రాసుకునేవాడు, ఫొటోలు తీసేవాడు. ఆ ఫొటోల్లోని మనుషులను ఎవరూ తెల్లగా చేయలేదు. ఎట్లా ఉన్నవాళ్లను అట్లాగే తీశారు. కాబట్టి ఉన్నది ఉన్నట్టు తీస్తే చాలు, గౌరవం దానంతట అదే వస్తుందని నేను అనలేను. గౌరవం రంగు ఒక్కదాంట్లోనే ఉంటే ఆ పుస్తకాలే గొప్పవి కావాలి.

హైమెన్‌డార్ఫ్ సంగతి కొంచెం వేరు. కుమ్రం భీం పోరాటం తర్వాత నిజాం సర్కారు పిలిచి పంపితే ఆయన వచ్చాడు, మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు, గోండి నేర్చుకున్నాడు. ఆయన భార్య బెట్టీ సమాధి అక్కడే ఉంది. ఆయన తీసిన ఫొటోలు ఇప్పుడు లండన్‌లో భద్రంగా ఉన్నాయి. వాటిని చూస్తే మన ముత్తాతలు ఎట్లాంటి రుమాలు చుట్టారో, దండారిలో గుస్సాడీలు ఎట్లాంటి నెమలి ఈకల కిరీటం పెట్టుకున్నారో తెలుస్తుంది. ఆయన తీయకపోతే అది కూడా లేకపోయేది. అయినా ఒకటి అడగాలనిపిస్తుంది. మన పెళ్లి ఫొటో మన ఇంట్లో లేకుండా లండన్‌లో ఎందుకుంది? ఇందులో ఆయన తప్పు వెతకడం లేదు. అప్పుడు మన దగ్గర కెమెరా లేదు. ఇప్పుడు ఉంది, అది నా మెడలోనే వేలాడుతోంది. ఉన్నాక నేను చేసిందేమిటంటే నా చెల్లె ముఖాన్ని నాయనమ్మ గుర్తుపట్టకుండా చేయడం.

ఇక అన్న మరిచిన రోజు. అది మా పక్క ఊరిలో పెళ్లి. నేనే స్టూడియోకు బేరం తెచ్చాను. పెళ్లికొడుకు ఉద్యోగస్తుడు, డ్రోన్ కూడా కావాలన్నాడు. పెద్దలు జంట మీద గింజలు చల్లుతున్నప్పుడు డోలు, పేప్రే మోగుతున్నాయి, జనం మీద పడుతున్నారు. అన్నకు వెనక నుంచి ఎవరిదో మోచెయ్యి తగిలింది. ఫొటో చెదిరింది. ఆయన అలవాటుగా చెయ్యెత్తి, "ఒక్క నిమిషం, మళ్లీ ఒకసారి చల్లండి" అన్నాడు. పట్నంలో అది మామూలే. అక్కడ పంతుళ్లే మంత్రం ఆపి కెమెరా వైపు తిరిగి "వచ్చిందా?" అని అడుగుతారు. ఇక్కడ పట్ల నిలబడిపోయాడు. కోపంగా ఏమీ అనలేదు. నా వైపు చూసి గోండిలో ఒక మాట అన్నాడు. అది అన్నకు తెలుగులో చెప్పాల్సింది నేను. "అయిపోయింది మళ్లా చేస్తే అది పెండ్లి కాదు, ఆట అంటున్నడు" అన్నాను.

అన్న కెమెరా కిందికి దించాడు. "తప్పయింది తాతా" అని దండం పెట్టాడు. ఇరవై ఏళ్లకు పైగా ఈ పని చేస్తున్న మనిషి, పదిమంది ముందు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నవాటిలో ఇది ఏ లెక్కలోకి వస్తుందో ఇప్పటికీ ఆలోచిస్తాను. ఆ ఫొటో ఆల్బంలో లేదు. నేను పక్క నుంచి తీసింది ఒకటుంది, అందులో పెళ్లికూతురు మీద పడుతున్న గింజలు గీతల్లా వచ్చాయి, పెళ్లికొడుకు సగమే కనిపిస్తాడు. అన్న అదే పెద్దదిగా వేశాడు.

అక్కడ నాకు తట్టింది ఒకటుంది. పట్ల ఎవరి పక్షాన మాట్లాడాడు? పెళ్లికొడుక్కి ఫొటో కావాలి, డబ్బులిచ్చింది అతనే. అతన్ని అడిగితే మళ్లీ చల్లండి అనేవాడేమో. పట్ల మాత్రం ఆ పని ఒక్క పెళ్లికొడుకుది కాదనుకున్నాడు. రెండు సగలది, ఊరిది, పేర్సాపేన్‌ది. డబ్బిచ్చినవాడికి కూడా దాన్ని వెనక్కి తిప్పే హక్కు లేదని ఆయన లెక్క. మరి ముఖం? చెల్లె ముఖం చెల్లెదేనా, లేక దాంట్లో నాయనమ్మకూ కొంత భాగం ఉందా?

ఆల్బం ఇచ్చిన కొన్ని నెలలకు చెల్లెనే అడిగాను. "మంచిగనే ఉన్నది కదన్నా. మా అత్తగారింట్ల అందరు మంచిగున్నదన్నరు" అంది. తర్వాత కాసేపాగి, "బయట పనోళ్లు, బళ్లె పిల్లలు ఎన్నిసార్లు నల్లపిల్ల అన్నరో నీకు తెల్వదు. ఒక్క ఆల్బంల తెల్లగుంటే నీకేమైతది?" అంది. నేను మాట్లాడలేకపోయాను. హాస్టల్‌లో నన్నూ అన్నారు. కానీ మగవాడికి ఆ మాట ఒకలా తగులుతుంది, పెళ్లి కావాల్సిన పిల్లకు ఇంకోలా తగులుతుంది. "మన నలుపే మన అందం" అని సభల్లో చెప్పడం నాకు సులువు. ఆ నలుపుతో కొత్త ఇంటికి కాపురానికి వెళ్లేది ఆమె.

ఇక్కడ కొందరు మిత్రులు నాతో ఒప్పుకోరు. అడిగినా చేయకూడదు, అది మన మీద మనమే వేసుకునే ముద్ర అంటారు. వాళ్ల మాటలో నిజం ఉంది. కానీ నేను ఆమెను అడగకుండానే చేశానన్నది మరిచిపోకూడదు. ఆమెకు నచ్చడం తర్వాతి సంగతి. చేసేటప్పుడు నేను నా చెల్లెను చూడలేదు, ఒక ఫైలును చూశాను. నా తప్పు వెతికితే నాకు అక్కడ దొరుకుతుంది. హైదరాబాద్‌లో నిజాం దగ్గర ఆస్థాన ఫొటోగ్రాఫరుగా ఉన్న రాజా దీన్ దయాళ్ 1892లో పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక స్టూడియో పెట్టించి, దాన్ని ఒక ఆంగ్ల స్త్రీకి అప్పగించాడు. మగవాడి కెమెరా ముందుకు వాళ్లు రారు కాబట్టి అది వ్యాపారమే, కాదనను. కానీ ఫొటో తీయడానికి ముందే, తీసే చేయి ఎవరిదై ఉండాలో తీయించుకునే మనిషి వైపు నుంచి ఆలోచించాడు. నేను నా సొంత చెల్లె విషయంలో అంత కూడా ఆలోచించలేదు.

కేస్లాపూర్ జాతరలో మెస్రం వాళ్ల కొత్త కోడళ్లను నాగోబాకు చూపించే బేటింగ్ మీకు తెలుసు. తెల్లచీరలు కట్టుకుని ముసుగు కప్పుకుని వస్తారు. ఒక ఏడాది నేను అక్కడ కెమెరాతో ఉన్నాను, ముసుగు కిందికి లెన్సు పెట్టే ప్రయత్నం చేస్తున్నవాళ్లనూ చూశాను. వాళ్లను తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే నేనూ రెండు తీశాను. అవి ఎవరికీ ఇవ్వలేదు, తీసేయనూ లేదు.

ఉంచాల్సింది మాత్రం తీసేశాను. అన్న నన్ను "మిగిలింది తీయి" అనేవాడని చెప్పాను కదా. ఎవరు డబ్బులిస్తున్నారో, వాళ్ల దగ్గరి చుట్టాలెవరో వాళ్లను అన్న తీసేవాడు. నాకు మిగిలినవాళ్లు వంటవాళ్లు, ముసలమ్మలు, పేప్రే ఊదే పర్ధాన్ తాత. గింజలు చల్లిన ఆ పెళ్లిలోనే ఆ తాతను పది పన్నెండు ఫొటోలు తీశాను. బుగ్గలు ఉబ్బి, కళ్లు మూసుకుని ఊదుతున్నాడు. ముఖం మీద కొలత పెట్టి, సరిగ్గా, ఆయన రంగు ఆయనకు వచ్చేట్టు తీశాను. నేను తీసినవాటిలో నాకు నచ్చిన మొదటి ఫొటోలు అవే. ఆల్బంలోకి ఒక్కటీ వెళ్లలేదు. డబ్బిచ్చినవాళ్లు వాటిని ఎంచుకోలేదు, మేమూ చూపించలేదు. స్టూడియోలో ఆల్బం ఇచ్చిన ఆరు నెలలకు హార్డ్ డిస్కులో జాగా కోసం పాత పెళ్లిళ్లు తీసేస్తాం. ఆ పని నాదే. తీసేశాను. మరుసటి ఏడాది ఆయన కొడుకు స్టూడియోకు వచ్చాడు. తాత పోయాడట, దశదినకర్మకు పెట్టడానికి ఒక ఫొటో కూడా లేదట, ఆధార్ కార్డు మీద ఉన్నది తప్ప. ఆ ఆధార్ బొమ్మనే పెద్దది చేసి ఇచ్చాను. డబ్బులు తీసుకోలేదు. తీసుకోకపోవడంతో ఏదో తీరిందని అనుకోలేదు.

ఏకలవ్యుడి పేరెత్తకుండా మన పుస్తకాల్లో గురుశిష్యుల మాట సాగదు, కాబట్టి నేనూ ఎత్తుతాను. ఏకలవ్యుడు నిషాదుడు. గురువు దగ్గరికి రానివ్వలేదు కాబట్టి దూరంగా ఉండి నేర్చుకున్నాడు. విద్య అతనిదే, గురి అతనిదే, పోయింది బొటనవేలు. మన తరం సంగతి వేరు. మమ్మల్ని దగ్గరికి రానిచ్చారు, పక్కన నిలబెట్టుకున్నారు, జీతం ఇచ్చారు. నా బొటనవేలు నాకే ఉంది, కెమెరా వెనక బటన్ నొక్కి ఫోకస్ పట్టేది దానితోనే. ఎవరూ ఏమీ కోసివ్వమనలేదు. దూరంగా ఉన్నవాడికి తన గురి తనకు మిగిలింది. దగ్గరగా ఉన్నవాడికి గురువు గురే తన గురి అనిపిస్తుంది. ఏది మేలు అంటే నేను దగ్గరగా ఉండడమే మేలంటాను. మార్లవాయి ఫొటోల్లో ఉన్నవాళ్లకు ఆ అవకాశం కూడా లేదు. కానీ స్టూడియో నుంచి ఇంటికి వచ్చిన ప్రతిసారీ నాయనమ్మలాంటి ఒకరు ఉండి, ఈ పిల్ల ఎవరని అడగాలి.

ఇప్పుడు నా దగ్గర ఇద్దరు పిల్లలు పని నేర్చుకుంటున్నారు. ఇద్దరూ ఆశ్రమ పాఠశాలలో చదివినవాళ్లే. మేళగాళ్లను, వంటవాళ్లను తీసిన ఫొటోలు ఒక వేరే డిస్కులో పెట్టి, పేర్లు కనుక్కుని రాయడం వాళ్ల పని. సగం పేర్లు ఇంకా రాలేదు. మొన్న ఎండాకాలం ఒక పెళ్లికూతురు ఫోన్ చేసి, "అన్నా, ఫొటోలు జర తెల్లగ చెయ్యి" అంది. సరేనన్నాను. ఆమె ముందు కూర్చుని, ఎంతవరకో ఆమెనే చెప్పమని, అంతవరకే చేశాను. మార్చనివి కూడా పెన్ డ్రైవులో వేసి ఇచ్చాను. ఆమె వెళ్లాక ఇద్దరిలో చిన్నవాడు అడిగాడు, "దాదా, మరి మాకు చేయొద్దని చెప్పినవు కదా?"

అడగకుండా చేయొద్దన్నానని చెప్పాను. వాడికి ఆ జవాబు నచ్చలేదు. ముఖం తిప్పుకుని వైర్లు చుట్టుకుంటూ కూర్చున్నాడు. వచ్చే లగ్గానికి వాడికి రెండో కెమెరా ఇవ్వాలనుకుంటున్నాను.